దాటిపోయే హక్కు: మూడు గంటల మజిలీకి ఎవరి అనుమతి?



ఈసారి రాసేది విమానాల గురించి. "మనకెందుకన్నా విమానాలు, హాస్టల్ మెస్ బకాయిల గురించి రాయి" అనే తమ్ముళ్లుంటారని తెలుసు. వాటి గురించీ రాస్తా. కానీ సీతాఫల్‌మండి, వారాసిగూడ, మాణికేశ్వరి నగర్, తార్నాక గల్లీల్లో ఇవాళ పాస్‌పోర్టు పెద్దోళ్ల ఇళ్లల్లో మాత్రమే ఉండే వస్తువు కాదు. ఒకరు డ్రైవర్ పనికి గల్ఫ్ పోతున్నారు. ఒకరు జర్మనీలో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నారు. ఒకరు దక్షిణాఫ్రికాలో సెమినార్‌కి పేపర్ పంపి పిలుపు తెచ్చుకున్నారు. వాళ్ల ఇంట్లో విమానం ఎక్కే మొదటి మనిషి వాళ్లే. అందుకే ఈ సంగతి మనది.

2026 జనవరిలో జర్మనీ ఛాన్సలర్ ఫ్రెడరిక్ మెర్జ్ మన దేశానికి వచ్చాడు. ఆ పర్యటనలో వెలువడిన ప్రకటనల్లో ఒకటి ఇది: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు జర్మనీ విమానాశ్రయాల్లో విమానం మారడానికి ఇకమీదట ట్రాన్సిట్ వీసా అడగరు. గంట తిరక్కుండా వాట్సాప్ గ్రూపులు జెండాలతో నిండిపోయాయి. మన పాస్‌పోర్టు విలువ పెరిగిందని సంబరాలు. నిర్ణయం మంచిదే, స్వాగతిస్తున్నా. కానీ జెండా ఊపే ముందు మనం అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఇన్నాళ్లూ ఆ వీసా ఎందుకు అడిగారు? ఎవరిని అడిగారు? ఎవరిని అడగకుండా వదిలేశారు?

ముందు అసలు సంగతి అర్థం చేసుకుందాం. వరంగల్ నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో రైలు మారి ముంబయి పోయే మనిషి ఉన్నాడనుకోండి. అతను ప్లాట్‌ఫారం దిగడు, ఊళ్లోకి రాడు, ఇక్కడ పని చేయడు, ఇల్లు అద్దెకు తీసుకోడు. రెండు గంటలు బెంచీ మీద కూర్చుని ఇంకో రైలెక్కి వెళ్లిపోతాడు. ఆ రెండు గంటలు బెంచీ మీద కూర్చోవడానికి అతను నెల ముందే సికింద్రాబాద్‌కు అప్లికేషన్ పెట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి, వేలిముద్రలు వేయాలి, ఫీజు కట్టాలి అంటే ఎట్లుంటుంది? ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అంటే అదే. నువ్వు ఆ దేశంలో అడుగు పెట్టవు. ఇమ్మిగ్రేషన్ గీత దాటవు. విమానం దిగి, గాజు గోడల మధ్య నడిచి, ఇంకో విమానం ఎక్కుతావు. ఆ నడకకే అనుమతి కావాలంటారు.

యూరప్‌లో షెంగెన్ దేశాలకు 2009లో చేసిన ఒక వీసా కోడ్ ఉంది. ఆ కోడ్ చివర్లో 12 దేశాల జాబితా ఉంది. అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, కాంగో, ఎరిట్రియా, ఇథియోపియా, ఘనా, ఇరాన్, ఇరాక్, నైజీరియా, పాకిస్తాన్, సోమాలియా, శ్రీలంక. ఈ దేశాల మనుషులు షెంగెన్‌లో ఏ విమానాశ్రయంలో విమానం మారాలన్నా ట్రాన్సిట్ వీసా ఉండాల్సిందే. ఇండియా ఈ 12లో లేదు. కానీ ఒక్కో దేశం తన సొంత జాబితా అదనంగా పెట్టుకోవచ్చని అదే కోడ్ చెబుతుంది. జర్మనీ తన జాబితాలో మనల్ని పెట్టుకుంది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్ పెట్టలేదు. అంటే ఒకే పాస్‌పోర్టు, ఒకే మనిషి, ఒకే బ్యాగు. ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారితే మామూలు ప్రయాణికుడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే అనుమానితుడు. మనిషి మారలేదు. గేటు దగ్గర నిలబడ్డవాడి చూపు మారింది.

ఫీజు సంగతి చూడండి. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు. ట్రాన్సిట్ వీసాకూ అంతే. ఇవాళ్టి లెక్కన తొమ్మిది వేల రూపాయలకు పైనే. దానిమీద వీసా సెంటర్ సర్వీసు చార్జీ వేరు, ఒక రోజు కూలి పోగొట్టుకుని తిరగడం వేరు. వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు. మూడు గంటలు కుర్చీలో కూర్చోవడానికి ఇంత.

ఇప్పుడు అసలు మెలిక. ఈ వీసా ఇండియన్లందరినీ ఒకేలా ఆపలేదు. నీ చేతిలో అప్పటికే అమెరికా వీసానో, కెనడా వీసానో, జపాన్ వీసానో ఉంటే షెంగెన్ విమానాశ్రయాల్లో ట్రాన్సిట్ వీసా మినహాయింపు ఉంటుంది. బ్రిటన్‌దీ అదే పద్ధతి. హీత్రోలో గేటు నుంచి గేటుకు నడవాలన్నా ఇండియన్లకు ట్రాన్సిట్ వీసా కావాలి, కానీ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసా చేతిలో ఉంటే మినహాయింపులున్నాయి. సింగపూర్ ఇంకో అడుగు ముందుకేసి, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లను 96 గంటలు వీసా లేకుండా ఊళ్లోకి కూడా రానిస్తుంది. ఎవరిని? ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా, ఈ ఎనిమిదింటిలో ఏదో ఒక దేశం వీసా ఉన్నవాళ్లను. దుబాయ్‌లో దిగగానే వీసా ఇచ్చే సౌకర్యమూ అమెరికా వీసా ఉన్న ఇండియన్లకు ఉంది.

ఈ తర్కం మనకు తెలియనిదా? "నిన్ను నేను నమ్మను. కానీ నాకన్నా పెద్దాయన నిన్ను ఒకసారి గుమ్మం తొక్కనిచ్చాడు గదా, అయితే రా" అనడం. ఊళ్లో దొర సంతకం ఉంటే అప్పు ఇచ్చే షావుకారి తర్కం. ఒక తలుపు తెరుచుకున్నవాడికి మిగతా తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఏ తలుపూ తెరుచుకోనివాడు ప్రతి తలుపు దగ్గరా కొత్తగా నిరూపించుకోవాలి. మెరిట్ అని మనకు చెప్పేది కూడా ఇదే గదా! తాత చదివాడు గనుక తండ్రి చదివాడు, తండ్రి చదివాడు గనుక కొడుకు ఇంటర్వ్యూలో తడబడడు. దాన్ని ప్రతిభ అంటారు. పాస్‌పోర్టులో పాత వీసా ముద్రలుంటే "ట్రావెల్ హిస్టరీ బాగుంది" అంటారు. ట్రావెల్ హిస్టరీ అనే మాట వినండి. చరిత్ర లేని వాళ్లం మనమే, మళ్లీ.

అమెరికా పోయే మనవాళ్లకు ఈ గేటు పెద్దగా కనిపించదు. చేతిలో వీసా ఉంటుంది గదా. డబ్బున్నవాళ్లకు ఇంకా కనిపించదు. శంషాబాద్ నుంచి లండన్‌కి, ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానాలున్నాయి, టికెట్ ధర చూడకుండా కొనుక్కుంటారు. ఈ గేటు ఎవరికి తగులుతుందంటే: బ్రెజిల్ యూనివర్సిటీలో సీటొచ్చినవాడికి. దక్షిణాఫ్రికా సెమినార్‌కి పోయే స్కాలర్‌కి. ఆఫ్రికాలో కట్టుబడి పనికి పోయే మేస్త్రీకి. వాళ్ల చేతిలో ఉన్న వీసా ఈ మినహాయింపుల జాబితాలో లేదు. పేద దేశం ఇచ్చిన వీసాకు ధనిక దేశం గేటు దగ్గర విలువ లేదు. ఆపైన వాళ్లు కొనేది చవక టికెట్. చవక టికెట్ అంటే రెండు మూడు చోట్ల దిగి ఎక్కడం, ఒక్కోసారి రెండు వేరువేరు టికెట్లు. ఎన్ని మజిలీలుంటే అన్ని గేట్లు. పేదవాడి దారి పొడుగు, గేట్లు ఎక్కువ.

ఇంకో సంగతి. ఈ గేటు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలుకాదు, శంషాబాద్ చెకిన్ కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ని తీసుకొస్తే విమాన సంస్థకు వేల యూరోల జరిమానా వేయాలని 2001లో యూరప్ ఒక ఆదేశం తెచ్చింది. కాబట్టి కౌంటర్ మీద కూర్చున్న ఉద్యోగి టిమాటిక్ అనే డేటాబేస్‌లో నీ పాస్‌పోర్టు, నీ దారి కొట్టి చూస్తాడు. అనుమానం వస్తే బోర్డింగ్ పాస్ ఇవ్వడు. అతను జడ్జీ కాదు, వీసా ఆఫీసరూ కాదు. కానీ ఆ నిమిషంలో నీ తీర్పు అతనిదే, అప్పీలు లేదు. ఇంగ్లిష్ గట్టిగా మాట్లాడి మేనేజర్ని పిలిపించగలిగినవాడు బయటపడతాడు. ఊళ్లో భూమి కుదువపెట్టి టికెట్ కొన్నవాడు సూట్‌కేస్ పట్టుకుని వెనక్కి పుష్పక్ బస్సెక్కుతాడు. టికెట్ డబ్బులు పోయినట్టే.

"నిబంధనలో కులం లేదు, రంగు లేదు, అందరికీ ఒకటే" అంటారు. ఈ మాట మీద ఒక పాత కథ చెప్పాలి. 1908లో కెనడా ఒక నిబంధన తెచ్చింది. వలస వచ్చేవాళ్లు తమ దేశం నుంచి ఎక్కడా ఆగకుండా, ఒకే టికెట్ మీద నేరుగా రావాలని. అందులో ఇండియన్ అనే మాట లేదు, నల్లవాడు అనే మాట లేదు. కానీ ఇండియా నుంచి కెనడాకు నేరుగా వచ్చే ఓడ లేదు. దారిలో ఎక్కడో ఒకచోట మజిలీ చేయక తప్పదు. మజిలీ చేసినందుకే వాళ్లు అనర్హులు. పేరు రాయకుండా ఒక జాతినంతా ఎలా ఆపాలో ఆ నిబంధన చూపించింది. 1914 మే 23న కొమగట మారు ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. రెండు నెలలు తీరంలో నిలబెట్టి, కొద్దిమందిని మాత్రం దిగనిచ్చి, జూలై 23న వెనక్కి తరిమారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినప్పుడు బ్రిటిష్ పోలీసులు కాల్చి చంపారు. వందేళ్లు దాటాక 2016లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అప్పుడు మజిలీ చేసినందుకు ఆపారు, ఇప్పుడు మజిలీ చేయడానికి ఆపుతున్నారు. పద్ధతి ఒక్కటే: నిబంధనలో పేరుండదు, దెబ్బ మాత్రం సరిగ్గా తగలాల్సిన వాళ్లకే తగులుతుంది.

అదే సమయంలో ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. కోరంగి నుంచి, విశాఖ నుంచి, మద్రాసు డిపోల నుంచి మన తాతముత్తాతల్ని మారిషస్ చెరకు తోటలకు, నాటాల్‌కు, బర్మాకు ఓడల్లో ఎక్కించినప్పుడు ఎవరూ ఏ వీసా అడగలేదు. ఒప్పంద కాగితం మీద వేలిముద్ర చాలింది. మన చేతులు కావాలన్నప్పుడు సముద్రాలకు గేట్లుండవు. మనం మన ఇష్టంతో, మన చదువుతో కదలాలన్నప్పుడే గేట్లు లేస్తాయి.

మిత్రులారా, దాటిపోయే హక్కు అనేది మనకు కొత్త సమస్య కాదు. కుల పోరాటాల్లో చాలా పాత సమస్య అది. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలన్న తెలంగాణలో పుట్టినోళ్లం మనం. ఆ మనిషి గడీలోకి పోతానన్లేదు, గడీలో అన్నం అడగలేదు. దాని ముందు నుంచి తన దారిన తాను పోతానన్నాడు. దానికే అనుమతి. 1924లో కేరళలో మొదలైన వైకోమ్ సత్యాగ్రహం చూడండి. అది గుడిలోకి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. నడిచి అవతలికి పోవడానికి. ఆరు వందల రోజులకు పైగా పోరాడితే మూడు వైపుల రోడ్లు తెరిచారు, తూర్పు వైపు తెరవలేదు. దేశంలోకి అడుగుపెట్టని ప్రయాణికుడికి వీసా అడగడం, గుడిలోకి రాని మనిషిని రోడ్డు మీద ఆపడం, రెండూ ఒకే బుర్రలోంచి పుట్టాయి: నువ్వు లోపలికి రాకపోయినా సరే, నా కంచె పక్క నుంచి నడిస్తేనే మైల.

బాబాసాహెబ్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకానికి ఏం పేరుందో గుర్తుందా? వెయిటింగ్ ఫర్ ఎ వీసా. విదేశీ ప్రయాణం గురించి కాదు అది. సొంత దేశంలో వీసా కోసం ఎదురుచూసిన మనిషి కథ. ఆ పుస్తకంలో మొదటి కథ ఏంటి? మజిలీ కథే. 1901. సతారా నుంచి తండ్రి పనిచేసే గోరేగావ్‌కు పోతూ పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగుతారు. తండ్రికి ఉత్తరం అందలేదు, ఎవరూ రాలేదు. మంచి బట్టలు చూసి పలకరించిన స్టేషన్ మాస్టర్, మహర్ పిల్లలని తెలియగానే వెనక్కి జరుగుతాడు. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోరు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకుంటాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. రాత్రి ఒక టోల్ గేటు దగ్గర ఆగుతారు. నీళ్లు కావాలి. మహర్లమని చెప్పకండి, ముస్లింలమని చెప్పండి అని బండివాడి సలహా. తొమ్మిదేళ్ల భీమ్ ఉర్దూలో అడుగుతాడు. అయినా నీళ్లు దొరకవు. అన్నం ఉంది, నీళ్లు లేక తినలేదు. ఆ పిల్లలు ఆకలితోనే ఆ గేటు దగ్గర పడుకున్నారు.

ఒకసారి ఆలోచించండి. మసూర్‌లో ఉండిపోతామని ఆ పిల్లలు అడగలేదు. దాటిపోతామన్నారు. కిరాయి ఇస్తామన్నారు. రెట్టింపు ఇచ్చారు. ఇవాళ ఎయిర్‌పోర్టులో మన పిల్లలు చేసేదీ ఇదే. డబ్బు కడతారు, రెట్టింపు కాగితాలు చూపిస్తారు, తామెవరో కొంచెం దాచుకుంటారు, మర్యాదగా కనిపించేందుకు బ్లేజర్ వేసుకుంటారు. అయినా గేటు దగ్గరివాడి మొహం చూస్తూ నిలబడాలి.

కాగితం మీద హక్కు ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పడానికి ఇటీవలి ఉదాహరణ షాంఘై. చైనాలో విమానం మారేవాళ్లకు, ఏ దేశం వాళ్లయినా, 24 గంటల దాకా వీసా అక్కర్లేదనే నిబంధన ఉంది. 2025 నవంబర్ 21న లండన్ నుంచి జపాన్ పోతున్న ఒక భారతీయ మహిళ షాంఘైలో దిగింది. ఆమె పాస్‌పోర్టులో పుట్టిన చోటు అరుణాచల్ ప్రదేశ్ అని ఉంది. ఆ పుట్టిన చోటు భారత్‌ది కాదు కాబట్టి నీ పాస్‌పోర్టు చెల్లదన్నారని ఆమె చెప్పింది. దాదాపు 18 గంటలు అక్కడే ఇరుక్కుపోయింది. చైనా తాము వేధించలేదన్నది. మన విదేశాంగ శాఖ నిరసన తెలిపింది. వీసా లేని 24 గంటల ట్రాన్సిట్ అనే చైనా సొంత నిబంధననే చైనా అధికారులు ఉల్లంఘించారని గుర్తుచేసింది. సరైన మాట. పుట్టిన చోటు చూసి మనిషిని ఆపడం అన్యాయమని ఈ దేశం మొత్తం ఆ రోజు ఒక్క గొంతుతో అన్నది. చాలా సంతోషం. అదే సూత్రం మన ఊళ్లకూ వర్తింపజేద్దాం. మన ఊళ్లో ఏ వాడలో పుట్టావన్న ప్రశ్నతో ఎన్ని గంటలు, ఎన్ని తరాలు నిలబెట్టారు? తార్నాకలో, హబ్సిగూడలో ఇల్లు అద్దెకు అడిగితే ఇంటిపేరు, ఊరు, తినే కూర ఎందుకు అడుగుతున్నారు? షాంఘైలో అన్యాయమైనది సీతాఫల్‌మండిలో ఆచారం ఎట్లయితది?

మన సర్కారు సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే ఇది తెల్లోళ్ల మీద కోపం మాత్రమే అయిపోతుంది. 1967 దాకా ఈ దేశంలో పాస్‌పోర్టు హక్కు కాదు, సర్కారు దయ. చదువులేని, కూలి చేసే కులాల వాళ్లు బయటికి పోతే దేశం పరువు పోతుందన్న భయం ఆ రోజుల్లో మన అధికారుల్లో ఎంత బలంగా పనిచేసిందో చరిత్రకారిణి కళాత్మిక నటరాజన్ పరిశోధించి రాశారు. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ ప్రయాణం 21వ అధికరణం కింద వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పాకే పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

అయినా గేటు పూర్తిగా లేవలేదు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర ఉంది. 1983 వలస చట్టం కింద వాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా కాపాడటానికి అంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి పోయే కార్మికులకు రక్షణ కావాలి, నిజం. కానీ రక్షణ అంటే ఏజెంటు మీద కేసు, ఎంబసీలో తెలుగులో మాట్లాడే మనిషి, చనిపోతే శవం త్వరగా ఇంటికి చేరే ఏర్పాటు. మనిషి మీద ముద్ర కాదు. 2018 జనవరిలో ఆ పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేస్తామని కేంద్రం ప్రకటించింది. చూడగానే తెలిసిపోవాలట, వీడు చదువుకోలేదని! నలువైపులా నిరసన రావడంతో ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు. మెడలో ముంత, నడుముకు చీపురు కట్టించిన సమాజం పాస్‌పోర్టుకు రంగు అట్ట వేయాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నిరసనతో అది ఆగిపోయిందన్నదే మనం గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం.

ఇక జర్మనీ ప్రకటనకు వద్దాం. మనల్ని జాబితాలోంచి తీసేస్తున్నారు. ఆ 12 దేశాలు అలాగే ఉన్నాయి. ఆ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. అఫ్ఘానిస్తాన్, ఇరాక్, సోమాలియా. యుద్ధంతో ఇల్లు కాలినవాళ్ల దేశాలు. ఈ దేశాల విద్యార్థులు ఎక్కడున్నారు? మన ఓయూలోనే ఉన్నారు. మన క్యాంటీన్లో మన పక్క బల్ల మీద చాయ్ తాగుతున్నారు. మనలాగే గల్లీ గల్లీ తిరిగి గది అద్దెకు దొరక్క ఓనర్ల ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. "మేం ఇక ఆ లైన్లో లేం" అని మనం సంబరపడితే, వాళ్ల మొహం చూసి ఏం చెబుతాం?

అంబేడ్కర్ దీనికి ఒక పేరు పెట్టాడు. నిచ్చెనమెట్ల అసమానత. కులం ఇన్ని వేల ఏళ్లు ఎందుకు నిలబడింది? పైవాడు కొడుతున్నాడని మాత్రమే కాదు. ప్రతివాడికీ తనకన్నా కింద ఇంకొకడు కనిపిస్తాడు గనుక. ఒక మెట్టు ఎక్కినవాడు నిచ్చెనను విరగ్గొట్టడు, కింద మెట్టు మీదివాడి చెయ్యి తొక్కుతాడు. పాస్‌పోర్టుల ర్యాంకులు ప్రతి ఏటా పత్రికల్లో వేస్తారు, మనం ఎన్ని స్థానాలు పైకెక్కామో లెక్కపెట్టుకుంటాం. అది అచ్చంగా నిచ్చెనే. ఏరు దాటి తెప్ప తగలేసే బుద్ధి మనకొద్దు. మన డిమాండ్ మనల్ని పై మెట్టు ఎక్కించమని కాదు. విమానం మారే మనిషికి, ఎవరైనా సరే, వీసా అడగొద్దని.

"దేశాలకు భద్రత అక్కర్లేదా? ట్రాన్సిట్‌లో దిగి ఆశ్రయం అడిగేవాళ్లను ఆపాలి గదా?" అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. అమెరికా కూడా 2003 ఆగస్టులో భద్రత పేరుతోనే వీసా లేని ట్రాన్సిట్‌ను ఎత్తేసింది. జవాబు రెండు ముక్కల్లో చెబుతా. ఒకటి, దుబాయ్, దోహా, సింగపూర్ ప్రపంచంలో పెద్ద మజిలీ విమానాశ్రయాలు. విమానం దిగి విమానం ఎక్కేవాళ్లను ఇండియన్లయినా వీసా అడగవు. బ్యాగులు తనిఖీ చేస్తాయి, మనుషుల్ని తనిఖీ చేస్తాయి. వాటికేం ఆకాశం విరిగి పడలేదు. భద్రత అంటే తనిఖీ. తొంభై యూరోల ఫీజు బాంబును పసిగట్టదు. రెండు, ఆశ్రయం అడగడం నేరం కాదు, అంతర్జాతీయ చట్టం ఇచ్చిన హక్కు. మనుషులు అడగకుండా గేటునే దూరంగా జరిపితే హక్కు కాగితం మీదే మిగులుతుంది. బావిలో నీళ్లు అందరివీ, కానీ బావి దగ్గరికి దారి లేదు అన్నట్టు. మహద్ చెరువు తెలిసినవాళ్లకు ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనం చేయాల్సింది. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ సర్కారు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తున్నది, ఒకవైపు విమాన ఛార్జీ కూడా ఇస్తున్నది. ఆ ఉత్తర్వుల్లో ట్రాన్సిట్ వీసా ఖర్చునూ స్పష్టంగా రాయాలి. డబ్బు ఆలస్యమైతే పిల్లలు చివరి నిమిషంలో దొరికిన చవక టికెట్, ఎక్కువ మజిలీల టికెట్ కొంటారు. కాబట్టి డబ్బు సమయానికి రావాలన్నదీ ఈ డిమాండ్‌లో భాగమే. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కీ ఇదే అడగాలి. 2022లో ఆ స్కాలర్‌షిప్ కింద భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాల మీద విదేశాల్లో చదవకూడదని నిబంధన పెట్టినవాళ్లు వాళ్లే. అంటే కులం గురించి బయట చదవొద్దని. అది ఇంకో రకం ట్రాన్సిట్ గేటు. మనిషి పోవచ్చు, ప్రశ్న మాత్రం పోకూడదు.

ఓయూలో విదేశాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం ఒక ఆఫీసు ఉంది. మంచిదే. ఇక్కడి నుంచి బయటికి పోయే మొదటి తరం విద్యార్థి కోసం కూడా ఒక బల్ల, ఒక కుర్చీ, తెలిసిన మనిషి ఒకరు కావాలి. పాస్‌పోర్టు ఫారం దగ్గర నుంచి టికెట్ దాకా చూసిపెట్టేందుకు. తండ్రి, మామ, అన్న అమెరికాలో ఉన్నవాడికి ఆ బల్ల ఇంట్లోనే ఉంది. మనకు యూనివర్సిటీలో ఉండాలి. విద్యార్థి సంఘాలు ఈ ఏడాది వినతిపత్రంలో ఇది చేర్చండి.

ఆ బల్ల వచ్చేదాకా ఈ నాలుగు మాటలు రాసిపెట్టుకోండి. టికెట్ కొనేముందే దారి చూడండి, ధర తర్వాత. మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్ మీద ఉండాలి. వేరువేరు టికెట్లయితే మధ్యలో బ్యాగు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, అంటే మామూలు వీసాయే కావాలి. షెంగెన్‌లో రెండు విమానాశ్రయాలు మారితే, ఫ్రాంక్‌ఫర్ట్ దిగి మ్యూనిక్ పోయి అక్కడి నుంచి ఇంకో దేశం అంటే, ట్రాన్సిట్ మినహాయింపు పనికిరాదు. మొదటిచోటే దేశంలోకి ప్రవేశించినట్టు లెక్క. ఒకే ఊళ్లో ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకు మారాల్సిన టికెట్లూ అంతే. జర్మనీది ప్రకటన. ప్రకటన వేరు, కౌంటర్ మీద అమలు వేరు. మీరు పోయే రోజుకు నిబంధన ఏముందో ఆ దేశపు ఎంబసీ సైట్‌లో చూసి, ఆ పేజీ ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి. కౌంటర్ దగ్గర ఆపితే గొంతు పెంచకండి, తగ్గించకండి. ఆపిన కారణం రాతపూర్వకంగా అడగండి.

చిలుకూరు బాలాజీ చుట్టూ వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది చేసే నగరం ఇది. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ వీసా దేవుడిచ్చే వరం కాదు, మనుషులు రాసుకున్న నిబంధన. మనుషులు రాసింది మనుషులు కొట్టేయగలరు. వైకోమ్ రోడ్లు తెరిపించింది, నారింజ అట్టను ఆపింది, జనం. 1953లో ఓయూ బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆయన న్యూయార్క్‌లో, లండన్‌లో చదివి, రాజ్యాంగం రాసి మూడేళ్లు దాటింది. కాలికి చెప్పులతో ఈ క్యాంపస్ రోడ్ల మీద మనం ఎవర్నీ అడక్కుండా నడుస్తున్నామంటే, ఎవరో మనకన్నా ముందు గేట్ల దగ్గర నిలబడి, వెనక్కి పోకుండా వాదించారు గనుక. మన తర్వాత వచ్చేవాళ్ల కోసం, సోమాలియా నుంచి వచ్చినా సిద్దిపేట నుంచి వచ్చినా, ఆ పని మనది.

వచ్చే భాగంలో గల్ఫ్ నుంచి శవపేటికలు ఇంటికి చేరే దారి గురించి రాస్తా. ఆ దారిలోనూ మజిలీలున్నాయి.

జై భీమ్.